మాస్టారూ, ఓ డౌటు! "ఏటకెళ్ళాడు" అని రాస్తే తప్పెవరిది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా డీఎడ్, బీఎడ్ పిల్లలవీ, వాళ్ళకి పాఠాలు చెప్పేవాళ్ళవీనండి. ఇంటర్న్‌షిప్పుల నుంచి తిరిగొచ్చే టైం కదా, ఒక్కొక్కళ్ళ దగ్గర ఒక్కో కథ ఉంది. ఊరి పేర్లు కొన్ని నేనే తీసేశాను, కాలేజీ పేర్లయితే అసలు అడగనే లేదు. ఉత్తరాలు కాస్త కుదించాను.

ప్రశ్న: మాస్టారూ నమస్తే. నేను డీఎడ్ సెకండియర్. మాది రావులపాలెం సైడు, అరటి తోటల మధ్య పెరిగాను, సముద్రం అంటే కార్తీకమాసం పిక్నిక్కే నాకు. ఇంటర్న్‌షిప్ మాత్రం సముద్రం పక్క ఊళ్ళో వేశారు. మూడో తరగతి పిల్లల్ని "మీ నాన్నగారి గురించి 5 వాక్యాలు రాయండి" అన్నాను. ఓ బుడ్డోడు "మా నాన్న పాటుకి ఏటకెళ్ళాడు" అని రాశాడు. నేను "పాటుకి" కొట్టేసి "పాటకి" అనీ, "ఏటకి" కొట్టేసి "వేటకి" అనీ దిద్దేసి, పైగా "ఏ జంతువుని వేటాడతార్రా మీ నాన్న" అని అడిగాను. క్లాసంతా ఒకటే నవ్వు. అప్పట్నుంచి వాడు నాకు నోటుబుక్కు చూపించడం మానేశాడు. ఇంకో పది రోజులుంది ఇంటర్న్‌షిప్. ఏం చేయమంటారు?
*ఓ పాఠకురాలు*

జవాబు: అమ్మా, క్లాసు నవ్వింది నిన్ను చూసే. బెస్తవాళ్ళ పిల్లలందరి ముందూ నిలబడి "ఏ జంతువు" అని అడిగితే నవ్వరా మరి! వాడు మాత్రం అలా అనుకోలేదు, ఎందుకంటే ఎర్రింకు పడింది వాడి పుస్తకంలో కదా.

నువ్వు కొట్టేసిన రెండూ మంచి తెలుగు మాటలే. నీళ్ళు పైకొస్తే పోటు, వెనక్కి తీస్తే పాటు. మనం "జీవితంలో ఆటుపోట్లు" అని పేపర్లో రాసేసి ఊరుకుంటాం గానీ వాళ్ళకి అది టైంటేబులు. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, అవి కూడా ఒకే టైముకి రావు, రోజురోజుకీ ముప్పావుగంట పైనే వెనక్కి జరుగుతుంటాయి, అందుకే వాళ్ళ నాన్న ఒకరోజు తెల్లారగట్ల వెళ్తాడు ఇంకోరోజు పొద్దెక్కాక వెళ్తాడు. ఏట్లో పాటు తగిలితే ఆ లాగుడుకి పడవ సముద్రం వైపు తేలిగ్గా సాగుతుంది. ఇక ఏట అంటే వేట, వేట అంటే అక్కడ చేపల వేట, వేరే వేట లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు "వేట నిషేధం" అని పేపర్లో వస్తుందే, నువ్వూ చదివే ఉంటావు, అప్పుడు పులుల వేట ఆపారని అనుకోలేదు కదా.

చూడు, ఎనిమిదేళ్ళ పిల్లోడు నాలుగు మాటల్లో నీళ్ళూ, టైమూ, వాళ్ళింటి పనీ అన్నీ పెట్టేశాడు. నేనైతే ఆ వాక్యానికే అయిదు మార్కులూ ఇచ్చేసేవాణ్ణి.

రేపెళ్ళి వాణ్ణి లేపి నిలబెట్టి అందరి ముందూ సారీలు చెప్పకు, వాడు ఇంకా ముడుచుకుపోతాడు. పక్కన కూర్చుని "పాటు అంటే నాకు తెలీదురా, మాది తోటలూరు, చెప్పవా" అను, చాలు. వాడు చెప్పాక బోర్డు మీద ఓ గీత గీయించు, నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి, ఎక్కడిదాకా తీస్తాయి అని. పరీక్షలో "వేట" అని రాయాలన్నది నిజమే, అదీ చెప్పాలి, కానీ కొట్టేసి కాదు, పక్కన రాసి చెప్పు. "ఇంట్లో ఇలా అంటారు, పుస్తకంలో ఇలా రాస్తారు" అంటే ఆ వయసులో ఇట్టే పట్టేస్తారు.

నీ ఉత్తరం నేను దాచుకున్నానమ్మా, కింద ఇంకో సారుకి పనికొస్తోంది చూడు.

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. అమలాపురం దగ్గర్లో ఓ బీఎడ్ కాలేజీలో లెక్చరర్ని. "సాంస్కృతిక వైవిధ్యం" అన్న యూనిట్టుని ఇంటరాక్టివ్ మీడియా వాడి చెప్పమన్నారు. పోయినేడు కష్టపడి 28 రాష్ట్రాలకీ పీపీటీ చేశాను సార్, డ్రెస్సు, డాన్సు, ఫుడ్డు, పండగ, అన్నిటికీ ఫొటోలు, యానిమేషన్లు, చివర్లో మొబైల్‌లో క్విజ్. బిహు ఏ రాష్ట్రం, ఓనం ఏ రాష్ట్రం అంటే అందరూ కరెక్టుగా నొక్కారు. తీరా ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళొచ్చాక అదే పిల్లలు "ఆ పేటోళ్ళకి చదువెక్కదు సార్" అంటున్నారు. నా పీపీటీలో ఏం తక్కువైంది?
*ఓ లెక్చరర్, కోనసీమ*

జవాబు: తక్కువ కాలేదండీ, ఎక్కువైంది. మీరు చేసింది బొమ్మల కొలువు. మెట్ల మీద 28 బొమ్మలు పెట్టారు, వచ్చినవాళ్ళు చూశారు, బాగుందన్నారు, శనగలు తిని వెళ్ళిపోయారు. అస్సాం అమ్మాయి బొమ్మ చూసి పేటలో పిల్లాడి గురించి ఎవరికి ఏం అర్థమవుతుంది చెప్పండి.

ఇది మీ ఒక్కరి సంగతే కాదు లెండి. అమెరికాలో జేమ్స్ బ్యాంక్స్ అని ఈ సబ్జెక్టులో పెద్దాయన, బడుల్లో ఈ వైవిధ్యం పాఠం ఎలా చెప్తున్నారో చూసి నాలుగు మెట్లుగా చెప్పాడు. పండగలూ మహానుభావులూ చెప్పేసి వదిలెయ్యడం అడుగు మెట్టు. ఉన్న సిలబస్‌కి ఓ పాఠం అతికించడం రెండోది. మూడో మెట్టులో అదే పాఠాన్ని ఇంకొకళ్ళ కళ్ళతో చూస్తారు, నాలుగోదాంట్లో చూసి ఊరుకోకుండా ఏదో ఒక నిర్ణయం తీసుకుని పని చేస్తారు. మనవాళ్ళందరం మొదటి మెట్టు మీదే చాప పరుచుకుని కూర్చున్నాం.

ఇంకోటండి, యానిమేషన్ పెడితే ఇంటరాక్టివ్ అయిపోదు. నొక్కితే స్లైడు మారడం ఏముంది, ఫ్యాను స్విచ్చూ అలాగే పనిచేస్తుంది. ఏది నొక్కామన్నదాన్ని బట్టి ముందు కథ మారాలి, అప్పుడు ఆ నొక్కిన వేలు ఎవరిదో ఆ మనిషికి తెలుస్తుంది. టీచర్ ట్రైనింగ్‌కి ఇది ఎందుకు పనికొస్తుందంటే టీచరు పనంతా అదే కదా, రోజుకి వంద చిన్న నిర్ణయాలు, ఆలోచించే టైము ఉండదు, నోట్లోంచి మాట వచ్చేస్తుంది. ఆ మాట అసలు పిల్లాడి మీద పడకముందే ఒకసారి ఫోనులో అనేసి చూసుకోవడం అన్నమాట.

పైన ఆ అమ్మాయి ఉత్తరం చదివారుగా, అదే మీ మొదటి కథ. ఎలా చేయాలో చెప్తా, గూగుల్ ఫారమ్స్ చాలు, మీకు క్విజ్ పెట్టడం వచ్చు కాబట్టి ఇదీ వచ్చేస్తుంది. ఒక్కో సెక్షన్‌లో ఒక్కో సీను పెట్టండి. ఒకే ఒక్క ప్రశ్న, మూడు ఆప్షన్లు. ఆ ప్రశ్న పక్కన మూడు చుక్కలు నొక్కితే జవాబుని బట్టి ఏ సెక్షన్‌కి వెళ్ళాలో పెట్టుకోవచ్చు. ఇదొక్కటి కంప్యూటర్ మీద చేసుకోండి, ఫోన్లో చేస్తే కళ్ళు పోతాయి. చూసేవాళ్ళకి మాత్రం ఫోను చాలు.

మొదటి సీను: నోటుబుక్కు పేజీ ఫొటో, "మా నాన్న పాటుకి ఏటకెళ్ళాడు". పిల్లాడి అసలు పుస్తకం కాదండోయ్, మీరే ఎడమ చేత్తో రాసి ఫొటో తీయండి. కింద మూడు దార్లు. ఒకటి, తప్పులు దిద్దుతాను. రెండు, ఏమీ అనకుండా టిక్కు పెడతాను. మూడు, దీనర్థం ఏంటని అడుగుతాను.

దిద్దుతాను అని నొక్కినవాళ్ళకి "తప్పు జవాబు" అని ఎర్రగా చూపించకండి, మళ్ళీ అదే ఎర్రింకు అవుతుంది. వాళ్ళకి వచ్చే సీను వారం తర్వాత అదే పిల్లాడి పుస్తకం: "మా నాన్న మంచివాడు. మా నాన్న నాకు ఇష్టం. మా నాన్న పని చేస్తాడు. నేను బాగా చదువుకుంటాను. మా బడి మంచి బడి." అయిదు వాక్యాలు, ఒక్క తప్పు లేదు. సముద్రం కూడా లేదు. కింద "ఈ పేజీకి ఎన్ని మార్కులు వేస్తారు?" అని అడగండి, చూడండి క్లాసు ఎలా నిశ్శబ్దమైపోతుందో.

టిక్కు పెట్టినవాళ్ళు నేను మంచివాణ్ణి అనుకుంటారు కదా, వాళ్ళని ఏడో తరగతి పరీక్షకి తీసుకెళ్ళండి, పిల్లాడు అక్కడా "ఏటకెళ్ళాడు" అనే రాశాడు, మార్కులు పోయాయి, ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదని ఇంట్లో అంటున్నాడు. అర్థం అడుగుతానన్నవాళ్ళనీ సుఖంగా వదలకండి. పిల్లాడు గొంతెత్తి పాటూ పోటూ చెప్తుంటాడు, ఇంతలో ముందు బెంచీ పాప "వాళ్ళు అలాగే మొరటుగా మాట్లాడతారు టీచర్" అంటుంది. ఇప్పుడు పాపని ఏమంటారు? మళ్ళీ మూడు దార్లు. అక్కడే మీ అసలు పాఠం మొదలయ్యేది, మీకు మాత్రం చెప్తున్నా, ఈ పాప సీనుకి నా దగ్గర కూడా సరైన జవాబు లేదు, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి కూడా.

పేర్లూ ఈమెయిళ్ళూ తీసుకోకండి ఆ ఫారంలో. అయ్యాక రెస్పాన్సులు గుండ్రటి చార్టులా వస్తాయి, ప్రొజెక్టర్ మీద వేసి, "ఎవరు దిద్దారు చేతులెత్తండి" అని మాత్రం అడక్కండి, అంతా మూడోదే నొక్కామని అబద్ధాలు చెప్తారు. "దిద్దినవాళ్ళు ఏమనుకుని దిద్ది ఉంటారు?" అని అడగండి. అప్పుడు దిద్దినవాళ్ళే మాట్లాడతారు, ఎవరి గురించో చెప్తున్నట్టు వాళ్ళ మనసులో మాటే చెప్తారు. నొక్కడం పది నిమిషాలైతే ఈ మాటలకి ముప్పావుగంట ఉంచుకోండి, ఇంటరాక్టివ్ అంటే ఇక్కడ ఉంది, ఫోనులో కాదు.

గొంతులు వినిపించాలనుకుంటే ఓ తిరకాసు ఉందండి, ఫారంలో ఆడియో నేరుగా ఎక్కదు, ఒక్క ఫొటో మీద ఆడియో అతికించి వీడియో చేసి యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి ఆ లింకు ఇవ్వాలి. అన్‌లిస్టెడ్ అంటే రహస్యం కాదు, లింకు ఉన్నోళ్ళెవరైనా చూస్తారు, కాబట్టి పిల్లల గొంతులు పెట్టకండి. పెద్దవాళ్ళ గొంతు అయినా వాళ్ళకి వినిపించి, సరే అన్నాకే. 2023లో వచ్చిన డేటా చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలకి అమ్మానాన్నల అనుమతి ఉండాలి, మనవాళ్ళేమో బడిలో పిల్లల్ని వీడియో తీసి స్టేటస్ పెట్టేసుకుంటున్నారు, ఇదెప్పటి అలవాటో తెలీదు.

ఒక కథ మీరు చేశాక రెండో కథ స్టూడెంట్ల చేత చేయించండి. దూరం వెళ్ళక్కర్లేదు. ధవళేశ్వరం కింద గోదారి గౌతమీ వశిష్ఠా అని చీలిన దగ్గర్నుంచి సముద్రం దాకా ఎన్ని రకాల బతుకులున్నాయో లెక్కపెట్టమనండి. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక కాలవ కింద ఊళ్ళు ఒక రకంగా బతికాయి, లంకల్లో ఊళ్ళు ఇంకో రకంగా బతికాయి. ఆగస్టులో వరదొస్తే లంక పిల్లాడు బడికి రావాలంటే పడవ కావాలి, హాజరు పట్టీలో మాత్రం వాడికీ సెంటర్లో పిల్లాడికీ ఒకటే ఏబీ. నర్సాపురం సైడు అమ్మ లేసు అల్లుతూనే హోంవర్కు చూస్తుంది. యానాం పిల్లాడు ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడతాడు, 1954 దాకా అది ఫ్రెంచివాళ్ళ కింద ఉంది కాబట్టి వాడి సర్కారు మాత్రం పుదుచ్చేరిలో ఉంటుంది. రొయ్యల చెరువు మీద కాపలా ఉండే కుటుంబం పట్టుబడి అవగానే ఇంకో చెరువుకి పోతుంది, పిల్లాడి టీసీ వెనకాల పరిగెత్తాలి. ఊడ్పులకి బెంగాల్ నుంచి మనుషులొస్తున్నారు, వాళ్ళ వెంట పసిపిల్లలుంటే వాళ్ళకి మన "అ" ఎవరు చెప్తారు?

కువైట్ సంగతి వేరే చెప్పాలి. మన కోనసీమలో అమ్మ గల్ఫ్‌లో ఉండి అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు ఏ క్లాసులో లేరు చెప్పండి. మీ ట్రైనీల్లోనే ఉంటారు. "రేపు అమ్మ సంతకం పెట్టించుకురా" అన్న మాట మీద ఓ కథ కట్టమనండి, మూడు దార్లతో. ఆ కథ కట్టేవాళ్ళలో అలా పెరిగినవాళ్ళు ఉంటే, వాళ్ళు చెప్తే చెప్తారు, మీరు తవ్వకండి. కట్టాక ఆ బతుకు తెలిసిన మనిషి ఒకరు చదివి "ఇది కాదు" అంటే ఆ సీను తీసెయ్యాల్సిందే, బేరాల్లేవు.

క్లాసు ఎలా మొదలెట్టాలా అనుకుంటే ఓ చిట్కా. సినిమాల్లో, రీల్స్‌లో మన "ఆయ్"నీ "అండీ"నీ ఎక్కిరిస్తుంటారు కదా, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్న మన పిల్లల్ని మొదటి నెల "ఏదీ గోదారి యాసలో ఓ డైలాగ్ కొట్టు" అని చంపేస్తుంటారు. మీ పిల్లల్ని ఆ అనుభవం రెండు లైన్లలో పేరు లేకుండా టైపు చేయమనండి, తెర మీద వరసగా రానివ్వండి. నవ్వుతూ రాస్తారు, రాను రాను నవ్వు తగ్గుతుంది. ఆ తర్వాత "ఏటకెళ్ళాడు" సీను వేయండి, మళ్ళీ మీరు లెక్చరు ఇవ్వక్కర్లేదు.

ఒక్కటి మాత్రం చేయొద్దు సార్. ఎవర్నో ఒక కులం వేషం కట్టించి రోల్‌ప్లే చేయించడం. ఈమధ్య కొన్నిచోట్ల ఇదే ఇంటరాక్టివ్ అనుకుంటున్నారు. మన దగ్గర "ఇంటిపేరేంటండీ" అన్న ప్రశ్న ఎందుకు అడుగుతారో క్లాసులో అందరికీ తెలుసు, అది ఆటలోకి తెస్తే ఎవరికి గుచ్చుకుంటుందో కూడా తెలుసు. వాళ్ళు ఆట అయ్యాక కూడా అదే ఇంటికి వెళ్ళాలి.

ప్రశ్న: మాస్టారూ, ఇవన్నీ బానే ఉంటాయి గానీ మా కాలేజీలో నెట్టు రాదు, ప్రొజెక్టరు ఒకటే, అది కూడా ప్రిన్సిపాల్‌గారి బీరువాలో ఉంటుంది. స్టూడెంట్లలో నలుగురికి స్మార్ట్ ఫోన్లు లేవు. మాలాంటోళ్ళకి ఇంటరాక్టివ్ ఎలాగండీ?
*సకినేటిపల్లి నుంచి ఓ పాఠకుడు*

జవాబు: బీరువా తాళం సంగతి నా చేతుల్లో లేదండీ బాబూ.

నెట్టు లేకపోతే ట్వైన్ అని ఓ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో కథ కడితే మొత్తం ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలుగా వస్తుంది, తెలుగు బాగానే రాసుకోవచ్చు, బ్లూటూత్‌లో పంపేసుకుని ఫోన్లో క్రోమ్‌లో తెరుచుకోవడమే. వీడియో మధ్యలో ఆపి ప్రశ్న అడిగేవి కావాలంటే హెచ్‌5పి ఉంది, అది కంప్యూటర్లో నెట్టు లేకుండా చేసుకోడానికి లూమి అని దొరుకుతుంది, అదీ ఫ్రీయే. ఫోన్లు లేని నలుగురికీ విడిగా ఫోన్లు వెతక్కండి, ముగ్గురికి ఒక ఫోను ఇవ్వండి, అందరికీ. ఏది నొక్కాలో ముగ్గురూ కొట్టుకుంటారు, మనకి కావాల్సింది అదే.

అసలు కరెంటు కూడా లేని ఆట ఒకటి చెప్తా. బార్‌ంగా అని పేకముక్కలతో ఆడే ఆట ఉందండి, కట్టింది మన పక్కవాడే, చెన్నైలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ శివశైలం త్యాగరాజన్, 1980లో. ఒక్కో టేబుల్‌కి రూల్స్ కాయితం కొంచెం కొంచెం తేడాగా ఇస్తారు, ఆ తేడా ఉందని ఎవరికీ చెప్పరు. కాసేపు ప్రాక్టీసు అయ్యాక కాయితాలు లాగేసుకుంటారు, ఆ తర్వాత మాట్లాడకూడదు. గెలిచినవాళ్ళు ఒక టేబుల్‌కి, ఓడినవాళ్ళు ఇంకో టేబుల్‌కి మారతారు. కొత్త టేబుల్ దగ్గర కూర్చున్నాక అవతలివాడు తొండి ఆడుతున్నాడనిపిస్తుంది, నోరు తెరవడానికి లేదు. వాడికీ మీ మీద అదే అనుమానం.

మన జిల్లాల్లో ట్రైనింగ్ కాలేజీలో పేకముక్కలు బయటికి తీస్తే ముందు ప్రిన్సిపాల్ వస్తారో పోలీసులొస్తారో చెప్పలేం కాబట్టి నేను దీన్ని అష్టాచెమ్మా మీద ఆడించాను. నాలుగు గవ్వలు, లేకపోతే అరగదీసిన చింతపిక్కలు, నేల మీద సుద్దముక్కతో అయిదు గళ్ళు అయిదు వరసలు, అదొక పట్టు. మన దగ్గర ఇంటికో రూలు ఎలాగూ ఉంది, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఒక పట్టు దగ్గర ఎదుటివాడి కాయ ఒకటైనా చంపితేనే లోపలి గళ్ళలోకి దిగాలి, ఇంకో పట్టు దగ్గర అక్కర్లేదు. ఒకచోట అష్టా పడితే మళ్ళీ పందెం, ఇంకోచోట లేదు. అలా నాలుగు పట్లు, నోరు మూసుకుని ఆట. ఒకసారి ఓ అమ్మాయి కొత్త పట్టుకి మారి ఎవర్నీ చంపకుండానే లోపలికి దిగబోతే పక్కావిడ కాయ తీసి బయట పెట్టేసింది, ఈవిడ మళ్ళీ పెట్టింది, ఆవిడ మళ్ళీ తీసింది, ముచ్చటగా మూడోసారి గవ్వలు లేచి గోడకి తగిలాయి. ఇద్దరూ మంచి స్నేహితులే. ఆట ఆపి రూల్స్ కాయితాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఇద్దరూ తెల్లమొహం వేశారు.

అప్పుడు అడిగాను, ఎవరి రూలు ఒప్పుకోవాల్సి వచ్చింది అని. "ముందునుంచీ అక్కడ కూర్చున్నవాళ్ళది" అంది ఆ అమ్మాయి. బడిలో ముందునుంచీ కూర్చున్నది ఎవరండీ, కొత్తగా వచ్చి కూర్చున్నది ఎవరండీ అని అక్కణ్ణుంచి లాక్కెళ్ళొచ్చు. మీరు రోజూ పంటు మీద నర్సాపురం దాటే మనిషైతే ఈ ఒడ్డు రూలూ ఆ ఒడ్డు రూలూ మీకే బోలెడు తెలిసి ఉంటాయి.

ప్రశ్న: సార్, డీఎస్సీలో ఇవన్నీ అడగరు కదా, ఎందుకు టైం వేస్టు?
*ఓ అభ్యర్థి*

జవాబు: అడుగుతారు నాయనా. ఆర్టికల్ 350ఎ దేని గురించి? భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధన, 1956లో ఏడో సవరణతో వచ్చింది. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 29(2)(ఎఫ్)? వీలైనంత వరకు బోధన పిల్లవాడి మాతృభాషలో ఉండాలి. రెండు బిట్లు అయిపోయాయి, రాసుకో.

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు. వాటిల్లో ఎంతమందికి సొంతూళ్ళో బడి దొరికి ఉంటుందంటావు? నీకు పోస్టింగ్ ఎక్కడొస్తుందో నాకు తెలీదు గానీ మీ ఇంటి పక్క మాత్రం కాదు. వెళ్ళిన మొదటిరోజు పిల్లాడు అనే మాట నీకు అర్థం కాకపోతే కీ పేపర్ ఎవరూ రిలీజ్ చెయ్యరు.

ప్రశ్న: మాస్టారూ, మాది చింతూరు వైపు. మేం కోయవాళ్ళం. ఇక్కడ కింద కాలేజీలో బీఎడ్ చేస్తున్నా. కల్చరల్ డైవర్సిటీ ప్రాజెక్టు అనగానే అందరూ నా వైపు తిరుగుతారు. "మీ డాన్సు వెయ్, వీడియో తీసి ఎడిట్ చేసి పెడదాం, మంచి మార్కులొస్తాయి" అంటారు. ఒకసారి వేశాను. కింద మ్యూజిక్ వేరేది పెట్టి రీల్ చేశారు. మళ్ళీ వేయమంటున్నారు. వద్దంటే "పొగరు" అంటారేమోనని భయం. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, నా ఫ్రెండ్సే.
*పేరు వద్దు*

జవాబు: అమ్మా, వద్దను. పొగరంటే అననీ. ఫ్రెండ్సే కాబట్టి రెండు రోజుల్లో మర్చిపోతారు. ఆ పాత రీల్ కూడా తీసెయ్యమని అడుగు, ఎవరి ఫోన్లో ఉందో వాళ్ళనే, నీకు ఆ హక్కుంది.

మీ లెక్చరర్‌కి కూడా ఓ మాట ఇక్కడే చెప్తున్నా, చదువుతుంటే. క్లాసులో ఒక్క కోయ అమ్మాయి ఉంటే ఆవిడ సిలబస్ కాదండి, ఆవిడ కూడా ఫీజు కట్టి నేర్చుకోడానికే వచ్చింది. రంపచోడవరం, చింతూరు కొండల్లో కోయలున్నారు, కొండరెడ్లున్నారు, కోయలకి సొంత భాష ఉంది, గోండీకి దగ్గరది, కొండరెడ్లు తెలుగే మాట్లాడతారు, వీళ్ళిద్దర్నీ కలిపి "ట్రైబల్ డాన్స్" అని ఒక స్లైడ్‌లో వేస్తే ఎలాగ. 2014లో ఆ మండలాలు కొన్ని ఖమ్మం నుంచి మన వైపు కలిశాయి, పోలవరం ముంపు అని ఊళ్ళు ఖాళీ చేస్తున్నారు, డాన్సు వేసే చోటే నీళ్ళ కిందకి పోయే పిల్లలకి ఏం పాఠం చెప్పాలో ఆ స్లైడ్‌లో లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2000ల్లో కోయతో సహా 8 గిరిజన భాషల్లో చిన్న తరగతులకి వాచకాలు తయారుచేశారు, వాటి గురించి ఎంతమంది బీఎడ్ స్టూడెంట్లకి తెలుసో అడిగి చూడండి.

ఇక నువ్వు అమ్మా. ఊరికే వద్దంటే ప్రాజెక్టు మార్కులు పోతాయని భయం ఉంటుంది, కాబట్టి నువ్వే ఓ ప్రాజెక్టు చెయ్. నీకు చెయ్యాలనుంటేనే సుమా, నువ్వు ఎవరికీ ఏమీ నేర్పించక్కర్లేదు. ఒకటో తరగతి లెక్కల పాఠం తీసుకో, కూడికలు చాలు, పూర్తిగా కోయలో చెప్పు, అయిదు నిమిషాలు. రికార్డు చేసుకో, మొహం చూపించక్కర్లేదు, చేతులూ గింజలూ కనిపిస్తే సరిపోతుంది. కింద తెలుగు అక్షరాలు వెయ్యకు, ఎవరెంత బతిమాలినా. నిమిషానికోసారి వీడియో ఆగి ప్రశ్న రావాలి, అదీ కోయలోనే నీ గొంతుతో, జవాబులకి నాలుగు రంగుల గడులు. నీ ఫ్రెండ్సంతా టీచర్లవ్వబోయేవాళ్ళే, కూడికలు రావా ఏంటి వాళ్ళకి.

చివర్లో మార్కులు తెర మీద పడతాయి. సున్నా వచ్చినవాళ్ళని "చదువెక్కదు" అనకమ్మా, పాపం మొదటిరోజే కదా.